మబ్బు చూసి ఆగినవాణ్ణి ఎగతాళి చేయకండి

సరదా కోసం విమానం నడిపే మన విజయవాడ, గుంటూరు మిత్రులకు, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళకు, వాళ్ళకు విమానం అద్దెకిచ్చే ఫ్లయింగ్ క్లబ్బులవారికి నమస్కారం.

నాది గుంటూరు. మిర్చి వ్యాపారం. 2008లో ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకున్నాను. మనలాంటివాళ్ళం ఈ రెండు ఊళ్ళలో ఎక్కువమంది లేము. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలు కొందరు. జీతం కోసం కాదు, చిన్నప్పటి కోరిక తీర్చుకోవడానికి నేర్చుకున్నవాళ్ళం. సెలవు దొరికితే రాత్రికి రాత్రి బయల్దేరి హైదరాబాద్ వైపో, ఇంకా దూరమో వెళ్ళి, క్లబ్బు సెస్నాకు (చిన్న ఒంటి ఇంజిన్ విమానం) గంటకింత అని డబ్బు కట్టి, కాసేపు తిప్పి వస్తాం.

పోయిన నెల బెంజి సర్కిల్ దగ్గర ఒక పెళ్ళి రిసెప్షన్‌లో పటమట కుర్రాడొకడు కనిపించాడు. లైసెన్సు వచ్చి ఏడాది అయింది. నన్ను బాబాయ్ అంటాడు. అంతకుముందు ఆదివారం వాళ్ళ పెదనాన్నగారిని, ఇద్దరు కజిన్స్‌ని విమానం ఎక్కిస్తానని క్లబ్బుకి తీసుకెళ్ళాడట. మబ్బు బాగా కిందికి దిగింది, విజిబిలిటీ సరిపోలేదు. ఇవాళ వద్దని చెప్పేశాడు. నలుగురూ వెళ్ళిన కారులోనే వెనక్కి వచ్చేశారు. రిసెప్షన్‌లో భోజనాల దగ్గర ఒకాయన "ఏమయ్యా పైలట్, మబ్బు చూసి పారిపోయొచ్చావంటగా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు. చేయి కడుక్కునే దగ్గర మాత్రం నాతో మెల్లగా అన్నాడు: "ఈసారి ఏమైనా సరే ఎక్కించేస్తాను బాబాయ్."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు ఆ నవ్వినవాళ్ళకు, అలాంటి చోట ఎప్పుడైనా నవ్వే అవకాశం ఉన్న అందరికీ, ఆ పొద్దున ఆ కుర్రాడు ఏం లెక్క వేసుకున్నాడో చెప్తాను. మేము నడిపేది కళ్ళతో నేలను చూసుకుంటూ నడిపే పద్ధతి. వీఎఫ్ఆర్ అంటారు. 10,000 అడుగుల కంటే కింద ఎగిరేటప్పుడు ఎదురుగా కనీసం 5 కిలోమీటర్లు కనపడాలి, మబ్బుకి పక్కగా 1,500 మీటర్లు, పైకైనా కిందికైనా 1,000 అడుగులు దూరంగా ఉండాలి. ఇది రూలు. 5 కిలోమీటర్లంటే రోడ్డు మీద చాలా దూరం అనిపిస్తుంది. చిన్న సెస్నా కూడా నిమిషానికి మూడు కిలోమీటర్లు పోతుంది. కొండ కనపడిన రెండు నిమిషాల్లోపే దాని మీద ఉంటాం. రెండు కిలోమీటర్లే కనపడుతుంటే మిగిలేది నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో చూడాలి, అది కొండ అని గుర్తుపట్టాలి, ఎటు తిరగాలో తేల్చుకోవాలి, తిరగాలి.

"అదే పొద్దున గన్నవరంలో పెద్ద విమానాలు దిగాయి కదా" అని అడుగుతారు. దిగాయి. వాటిలో ఇద్దరు పైలట్లు ఉంటారు, బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే శిక్షణ ఉంటుంది, రన్‌వే వరకూ దారి చూపే రేడియో సంకేతాలు ఉంటాయి. అయినా డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు పడితే ఆ పెద్ద విమానాలే గన్నవరం మీద గాల్లో చక్కర్లు కొడతాయి, దిగలేక హైదరాబాద్‌కి తిరిగిపోయిన రోజులూ ఉన్నాయి. పేపర్లో మనం చదువుతూనే ఉంటాం. వాళ్ళే ఆగినచోట నలభై, యాభై గంటల అనుభవమున్న కుర్రాడు ఆగాడంటే అది వాడికి చదువు బాగా వంటబట్టిందని అర్థం.

మన కృష్ణా డెల్టా మంచు సంగతి ప్రత్యేకం. చుట్టూ కాలవలు, తడి పొలాలు. గాలి కదలని చలి రాత్రి నేల చల్లబడిపోతే దాని మీదున్న తేమ అంతా పొగలా నిలబడుతుంది. మెట్ రిపోర్టులో, అంటే వాతావరణ నివేదికలో, ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) రెండూ ఒకే అంకెకు వచ్చాయంటే మంచు గుమ్మంలో ఉన్నట్టే. తెల్లవారుజామున ఐదున్నరకు నక్షత్రాలు కనపడతాయి, ఇవాళ బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. పొద్దు పొడిచాక గాలి కాస్త కదిలి అదే మంచు ఇంకా చిక్కబడుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. పైనుంచి నిట్టనిలువునా చూస్తే పలచని మంచులోంచి రన్‌వే చక్కగా కనిపిస్తుంది. దిగడానికి ఏటవాలుగా వచ్చేసరికి చూపు అదే మంచులో అడ్డంగా చాలా దూరం వెళ్ళాలి. రన్‌వే మాయమవుతుంది. "పైనుంచి కనిపిస్తోందిగా, దిగేయొచ్చుగా" అనే మాట అందుకే తప్పు.

ఎండాకాలం ఇంకో తీరు. మే నెల మధ్యాహ్నం వేడికి గాలి పలచబడి రెక్కలకు ఊతం తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది, అదే బరువుతో లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. సాయంత్రాలు ఉరుముల మబ్బులు. క్యుములోనింబస్ అంటారు. వాన చినుకు పడకముందే దుమ్ము లేపుకుంటూ ఈదురుగాలి వస్తుంది చూడండి, అది ఆ మబ్బు కడుపులోంచి కిందికి కొట్టి, నేలకు తగిలి, చుట్టూ పరుచుకున్న గాలి. అంత ముందుగా, అంత దూరం వస్తుంది. గట్టి ఉరుముల మబ్బుకి 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు, ఎడంగా ఉండమని పైలట్లకు చెప్తారు. గుంటూరుకీ విజయవాడకీ మధ్య దూరం దాదాపు అంతే. బెజవాడ మీద మబ్బు ఉరుముతుంటే గుంటూరు మీద ఎండ కాస్తున్నా అది మనకు ఎగిరే ఆకాశం కాదు.

ఇక మబ్బులోకి వెళ్తే ఏమవుతుంది? చాలామంది కుదుపులు ఉంటాయని అనుకుంటారు. అసలు ప్రమాదం అది కాదు. చిన్నప్పుడు ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప ఆడేవాళ్ళు. గిరగిరా తిరిగి ఆగాక కూడా వాకిలి తిరుగుతూనే ఉన్నట్టుండేది. చెవి లోపల ఉండే ద్రవం చేసే పని అది. విమానంలో నేల, ఆకాశం కలిసే గీత కనపడనప్పుడు అదే చెవి రెండో రకంగా మోసం చేస్తుంది. విమానం మెల్లగా ఒక పక్కకి ఒరుగుతుంది, మన ఒంటికి తెలియదు. తిన్నగా పోతున్నామనే ఉంటుంది. విమానం ఒరుగు చూపే పరికరం చూసి సరిచేస్తే, ఇప్పుడు ఒరిగిపోయామని ఒళ్ళు అరుస్తుంది. ఒంటి మాట వింటే విమానం సుళ్ళు తిరుగుతూ కిందికి పోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 1954లో పరికరాలు చూసి నడిపే శిక్షణ లేని 20 మంది పైలట్లకు బయట కనపడకుండా చేసి, పక్కన శిక్షకుణ్ణి పెట్టి పరీక్షించారు. ఇరవైకి ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు.

ఆ మూడు నిమిషాల్లో మొదటి నిమిషం నేను చూశాను. ఇంతవరకూ ఇంట్లోవాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2011 ఏప్రిల్. క్లబ్బు విమానంలో హైదరాబాద్ నుంచి గన్నవరం వచ్చాను. ఒక్కణ్ణే. మన ఊరి గాలిలోకి మన చేత్తో విమానం తెచ్చుకోవడం అదే మొదటిసారి. ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి, దూరంగా మంగళగిరి కొండ, అన్నీ పైనుంచి చూసి కళ్ళనీళ్ళు వచ్చాయి. పదిన్నరకు తిరిగి బయల్దేరాలి. చూడ్డానికి వచ్చిన చుట్టాలతో ఆలస్యం, మళ్ళీ అనుమతులకు ఆలస్యం. మన దేశంలో చిన్న విమానం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఏడీసీ నంబరు (గగనతల రక్షణవాళ్ళ అనుమతి) రావాలి, ఎఫ్ఐసీ నంబరు (విమాన సమాచార కేంద్రం ఇచ్చేది) రావాలి. అవన్నీ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. మెట్ ఆఫీసు కాగితంలో సాయంత్రం ఉరుములతో వాన అని ఉంది. చదివాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. విమానం సాయంత్రానికి క్లబ్బుకి చేరాలి, మర్నాడు పొద్దున వేరేవాళ్ళకి బుకింగ్ ఉంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న అనుమతులు మళ్ళీ రేపు మొదటి నుంచి తెచ్చుకోవాలి. నా తలలో ఉన్నవి ఇవే. ఆకాశం లేదు.

నందిగామ దాటాక ఎదురుగా నల్లగా గోడ కట్టినట్టుంది. పక్క నుంచి పోదామనుకున్నాను. పక్కనా అదే. కొంచెం కిందికి దిగితే బాట కనపడుతుందనుకున్నాను. 1,500 అడుగులకు దిగాను. వాన కొట్టింది, అద్దం తెల్లబడింది, నేల పోయింది. ఏ శబ్దమూ పెరగలేదు, ఏదీ విరగలేదు, కిటికీ బయట తెలుపు తప్ప ఏమీ లేదు. నేను తిన్నగా కూర్చున్నాననే అనుకుంటున్నాను, పరికరం మాత్రం ఎడమకు ఒరిగిపోయి ఉంది. నా ఇన్‌స్ట్రక్టర్ నాతో వందసార్లు చేయించిన పని ఒకటి ఉంది: తల కదపకు, బయటికి చూడకు, పరికరం మీదే కళ్ళు పెట్టి మెల్లగా వెనక్కి తిరుగు. సెకనుకి మూడు డిగ్రీల చొప్పున తిరిగితే పూర్తిగా వెనక్కి తిరగడానికి సరిగ్గా ఒక నిమిషం. ఆ నిమిషంలో నేను మా అమ్మాయి పేరు తప్ప ఇంకేమీ తలుచుకోలేదు. తెలుపు పలచబడింది, ఎండ కనపడింది, కుడివైపు దూరంగా కృష్ణ మెరుస్తోంది.

గన్నవరంలో దిగి, విమానాన్ని తాళ్ళతో కట్టి, క్లబ్బుకి ఫోన్ చేశాను. అవతలాయనకు కోపం వచ్చింది, రేపటి బుకింగ్ పోయిందని నాలుగు మాటలన్నాడు. బస్సెక్కి గుంటూరు వచ్చాను. ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమల మీద కనపడకుండా పోయిన రోజు ఆమె రాత్రంతా టీవీ ముందే కూర్చుంది. మర్నాడు అయిదుగురూ చనిపోయారని తెలిశాక నా చేయి పట్టుకుని, ఈ పిచ్చి మానెయ్యమంది. ఇద్దరు అనుభవజ్ఞులైన పైలట్లు నడిపిన హెలికాప్టర్ అది. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక, భారీ మబ్బులు, రెండూ విచారణలో బయటికొచ్చాయి. నేను మానలేదు, వాతావరణం బాగా లేకపోతే ఎగరనని మాటిచ్చాను. 2011లో ఆ రాత్రి ఇంటికొచ్చి, వాన ఉందని వెనక్కి వచ్చేశానని మాత్రం చెప్పాను. "మంచి పని చేశావు. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను" అంది. అంతే. ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

ఆ ఒక్క మాటతో నేను మారాను. క్లబ్బాయన కోపంతో కాదు.

మిత్రులారా, మనల్ని ప్రమాదంలోకి తోసేది మబ్బు ఒక్కటే కాదు, మనం ఇచ్చిన మాట కూడా. మాట తప్పినవాడంటే మన దగ్గర ఎంత చిన్నచూపో మీకు తెలుసు. ఆదివారం ఎక్కిస్తానని పెదనాన్నగారికి చెప్పామంటే అది అప్పు తీర్చడమంత పెద్ద పని అవుతుంది. జాన్ ఎఫ్. కెన్నెడీ కొడుకు 1999 జులై 16న తన సొంత విమానంలో భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని బయల్దేరింది ఇంట్లో పెళ్ళికే. మసక రాత్రి, కింద సముద్రం, పరికరాలతో నడిపే అర్హత లేదు. ముగ్గురూ పోయారు. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, అతని పదమూడేళ్ళ కూతురు సహా తొమ్మిదిమంది పోయిన హెలికాప్టర్ కూడా మబ్బులోకే వెళ్ళింది. అక్కడి దర్యాప్తువాళ్ళు రాసినదాంట్లో నన్ను పట్టుకున్నది ఒకటే. ఆ పైలట్‌ని ఎగరమని ఎవరూ బలవంతం చేసినట్టు ఆధారం లేదు. ఆ ఒత్తిడి అతను తనంతట తాను తెచ్చుకున్నదే అయ్యుంటుందన్నారు. పటమట కుర్రాడు చేయి కడుక్కుంటూ నాతో అన్నది సరిగ్గా ఆ ఒత్తిడే.

మన ఊళ్ళలో వాతావరణం చూసి ఆగినవాణ్ణి ఎవరు తప్పుపట్టారు? నిజాంపట్నం హార్బరులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పడవలు ఒడ్డునే ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వేటకు వెళ్ళని జాలరిని పిరికివాడని ఎవరైనా అన్నారా? 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచిన సంగతి విన్న ఇంట్లో ఎవరూ అనరు. కల్లంలో మిర్చి ఆరబోసిన రైతు పడమట మబ్బు చూడగానే పట్టాలు కప్పేస్తాడు, ఆ రోజు కాటా వేయడు. యార్డులో మేము అతన్ని తొందరపెట్టం. బయల్దేరే ముందు ఎదురు బాగా లేకపోతే మన పెద్దవాళ్ళు ఏమనేవారు? "కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళు." శకునం నమ్మినా నమ్మకపోయినా, ఆ మాటలో ఒక మంచి ఉంది. గడప దాటినవాడు తలవంపు లేకుండా వెనక్కి రావడానికి అది దారి ఇచ్చింది. పిల్లి ఎదురొస్తే ఇచ్చే ఆ అవకాశం మబ్బు ఎదురొచ్చినప్పుడు మన పిల్లలకు ఎందుకివ్వం?

అందుకని నేను అడిగేవి కొన్ని ఉన్నాయి.

పైలట్ మిత్రులు మాట ఇచ్చేటప్పుడే రెండు తేదీలు చెప్పండి. మొదటిది కుదరకపోవచ్చని ముందే చెప్పండి. ఎక్కబోయేవాళ్ళకు అద్దె కారో, రైలు టికెట్టో ఇంకో దారి ఉంచండి. నేను గుంటూరు నుంచి వెళ్ళినా, వచ్చినా పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీసుకునే ఉంచుకుంటాను. ఎగరకుండా ఇల్లు చేరే దారి జేబులో ఉంటే బుర్ర స్థిమితంగా పనిచేస్తుంది. మీ హద్దులు ముందు రాత్రి ఇంట్లో కూర్చుని కాగితం మీద రాయండి. చట్టం 5 కిలోమీటర్లంటే నా కాగితం మీద 8 ఉంటుంది. పొద్దున రన్‌వే దగ్గర ఆ అంకెను పెంచుకోవచ్చు, తగ్గించకూడదు. నా లాగ్‌బుక్కు వెనక పేజీల్లో ఎగరని రోజులు కూడా రాస్తాను, తేదీ, కారణం. ఇప్పటికి 47 ఉన్నాయి. వాటిలో ఒక్కదానికి కూడా నేను బాధపడటం లేదు.

క్లబ్బులవారికి: వాతావరణం బాగా లేక ఎగరనివాడి దగ్గర దయచేసి డబ్బు పట్టుకోవద్దు, వేరే ఊళ్ళో ఆగిపోయినవాడి మీద విసుక్కోవద్దు. ఆ ఫోన్ వచ్చినప్పుడు మొదట "క్షేమంగా ఉన్నావా" అని అడగండి. బుకింగుల సంగతి తర్వాత. వయసులో చిన్నవాళ్ళు మీ గొంతు విని నిర్ణయాలు మార్చుకుంటారు, ఇది మీకు నాకంటే బాగా తెలుసు.

ఇంట్లోవాళ్ళకు: అంత దూరం వెళ్ళి ఊరికే వచ్చేశావా అని అడగవద్దు. వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని రన్‌వే పక్కన నిలబడి, "కొంచెం తేలింది కదా, వెళ్ళొచ్చేమో" అనవద్దు. మీరు మామూలుగానే అంటారు, కానీ ఆ క్షణంలో అది మాకు చాలా పెద్ద టెన్షన్. అన్నం తిన్నావా అని అడగండి, చాలు. పెళ్ళి భోజనాల దగ్గర ఆ మాట అన్న పెద్దాయన కూడా ఇది చదువుతారని నా ఆశ. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ కుర్రాణ్ణి ఒకసారి పిలిచి భుజం తట్టమని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను.

వచ్చే డిసెంబరులో ఆ కుర్రాడు వాళ్ళ పెదనాన్నగారిని మళ్ళీ తీసుకెళ్తున్నాడు. రెండు తేదీలు చెప్పాడు. నేనూ వెంట వెళ్తున్నాను, ఎగరడానికి కాదు, హ్యాంగర్ దగ్గర పెదనాన్నగారి పక్కన కూర్చోవడానికి. మంచు వీడకపోతే దారిలో సూర్యాపేటలో టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చేస్తాం. నలుగురికీ భోజనం ఇక్కడేనని మా ఆవిడకు ఇప్పుడే చెప్పి ఉంచాను. పెదనాన్నగారికి గోంగూర పచ్చడి ఇష్టమట.

ఇట్లు,
గుంటూరు నుంచి మీలో ఒకడు